నీలినలుపు సిరా

సిరాబుడ్డి మీద అచ్చువేసిన పేరును బట్టి లోపలి సిరా స్వభావాన్ని నిర్ణయించడం పొరపాటు. ‘బ్లూబ్లాక్’ అన్న మాట ఈనాడు రెండు వేర్వేరు పదార్థాలకు పేరుగా చలామణి అవుతోంది. నీలిరంగునూ నలుపురంగునూ నీటిలో కలిపి చేసిన సాధారణ ద్రవం మొదటిది. రాసేటప్పుడు నీలంగా కనిపించి, గాలి సోకినకొద్దీ కాగితం మీదనే నల్లబడే రసాయనిక సిరా రెండవది. బుడ్డిలో ఉన్నంతసేపూ ఈ రెండూ కవలపిల్లల వలె ఒకే పోలికతో ఉంటాయి. కాగితం మీద పడిన మరునాటికి వాటి దారులు వేరవుతాయి. మొదటిదానితో రాసిన రాత మీద నీళ్లు పడితే అక్షరాలు కరిగి పారిపోతాయి. రెండవదానిలో నీలం మాత్రమే కొట్టుకుపోయి, దాని అడుగున నల్లని గీత నిలిచి ఉంటుంది.

పాఠశాలలో రాసుకొనే నోటుపుస్తకానికి ఈ తేడా అంత ముఖ్యం కాకపోవచ్చు. భూమి దస్తావేజుకు, జనన మరణాల పుస్తకానికి, న్యాయస్థానపు తీర్పుకు మాత్రం ఇదే ప్రాణప్రదమైన విషయం. తడిసిన కాగితం మీద ఒక సంతకం చెరిగిపోతే దానితోపాటు ఒక కుటుంబపు హక్కు కూడా చెరిగిపోవచ్చు. కనుకనే మంచి సిరాను గుర్తుపట్టడం చాలాకాలంపాటు ప్రభుత్వాలు సైతం పట్టించుకొన్న శాస్త్రంగా ఉండేది.

చెరగని రాత కోసం మనిషి మొదట ఆశ్రయించినది మసి. తెలుగునాట తాటాకు మీద గంటంతో అక్షరాలను గీసి, ఆ గీతలలో మసిని రుద్దేవారు. ఆకు పైభాగాన్ని తుడిచివేసినా గాడిలో చేరిన మసి అలాగే నిలిచి అక్షరాన్ని చూపుతుంది. మసి అంటే కర్బనం. అది ఎండకు వెలవెలపోదు, గాలికి రంగు మారదు. అయితే దానికి ఒక బలహీనత ఉన్నది. అది నీటిలో కరగదు. సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. కాగితం మీద దానిని జిగురుతో అంటించవలసిందే. జిగురు తడిస్తే మసి పైపైన లేచిపోతుంది. పైగా ఫౌంటెన్ పెన్నులో వెంట్రుకవాసి సందులగుండా సిరా దిగాలి. మామూలు మసి రేణువులు ఆ సందులను పూడ్చివేస్తాయి. అతి సూక్ష్మరేణువులతో తయారుచేసిన సిరాలు ఇటీవలి దశాబ్దాలలో వచ్చి ఈ చిక్కును కొంతవరకు విప్పాయి గాని, ఫౌంటెన్ పెన్ను పుట్టిన కాలానికి ఆ నేర్పు లేదు.

మసి కంటె భిన్నమైన మార్గం ఇనుముది. ఓక్ జాతి చెట్ల లేత కొమ్మలపై కందిరీగ వంటి ఒక చిన్న కీటకం గుడ్లు పెడుతుంది. అక్కడ చెట్టు గుండ్రని బుడిపెను పెంచుతుంది. అదే మాచికాయ. పేరుకు కాయ గాని నిజానికి అది పండే కాయ కాదు. దానిలో వగరునిచ్చే టానిక్ ఆమ్లం పుష్కలంగా ఉంటుంది. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపితే నల్లని సిరా తయారవుతుంది. అన్నభేది అంటే ఇనుము, గంధకామ్లం కలిసి ఏర్పడిన ఆకుపచ్చని స్ఫటికాలు. రసాయనశాస్త్రంలో దాని పేరు ఫెర్రస్ సల్ఫేట్. గ్రీకు భాషలో బైబిలును భద్రపరచిన 4వ శతాబ్దపు సైనాయ్ ప్రతినీ, ఇంగ్లండు రాజు జాన్ 1215లో అంగీకరించిన మాగ్నాకార్టా పత్రాలనూ ఈ జాతి సిరాతోనే రాశారు.

ఈ కలయికలోని రహస్యాన్ని పరీక్షగా వాడుకొన్న మొదటి ఆధారం రోము సామ్రాజ్యంలో, 1వ శతాబ్దంలో కనిపిస్తుంది. ప్లినీ అనే పండితుడు తన ప్రకృతి చరిత్రలో ఒక మోసాన్ని పట్టుకొనే ఉపాయం చెప్పాడు. రాగి చిలుమును అమ్మే వర్తకులు దానిలో చవకైన అన్నభేదిని కలిపేవారు. మాచికాయ రసంలో నానబెట్టిన పపైరస్ ముక్కకు ఆ సరుకును తాకించగానే ముక్క నల్లబడితే కల్తీ జరిగినట్టే. రసాయనిక పరీక్షాకాగితానికి ఇంతకంటె పాత ఉదాహరణ చూపడం కష్టం.

తెలుగువారికి ఈ రసాయనం పరాయిది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను ముందుగా కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. మాచికాయలో వలెనే కరక్కాయలోనూ వగరు పదార్థం సమృద్ధిగా ఉన్నది. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారాలపాటు ఊరబెట్టి తీసిన ద్రావణంలో వెదురు కలాన్ని ముంచి బట్ట మీద బొమ్మ గీస్తారు. గీసిన గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము కలంలో నుంచి వస్తే, వగరు బట్టలో కాచుకొని ఉంటుంది. రెండూ కలిసినచోట నలుపు పుడుతుంది. ఆ కలానికి మొనపైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని పీల్చుకొన్న రంగు వేళ్ల ఒత్తిడికి కొద్దికొద్దిగా మొనకు దిగుతుంది. ఫౌంటెన్ పెన్నుకు దూరపు బంధువు ఏదైనా ఉన్నదంటే అది ఈ ఉన్నికలమే.

నలుపు ఎలా పుడుతుందో తెలిస్తేగాని నీలినలుపు సిరాకు ఆ రెండు రంగులు ఎందుకో బోధపడదు. ఫెర్రస్ రూపంలో ఉన్న ఇనుము వగరు ఆమ్లాలతో కలిసినప్పుడు దాదాపు రంగులేని, నీటిలో కరిగే పదార్థం ఏర్పడుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఆ ఇనుము ఫెర్రిక్ రూపం పొందుతుంది. అప్పుడు ఏర్పడే పదార్థం చిక్కని నీలినలుపు రంగులో ఉంటుంది, నీటిలో కరగదు. తాజా సిరా పారదర్శకమైన ద్రవం కనుక కాగితపు పీచుల లోపలికి ఇంకుతుంది. అక్కడ గాలి సోకి, కరగని నలుపుగా మారి, పీచుల మధ్య చిక్కుకొనిపోతుంది. మసి కాగితం మీద కూర్చుంటే ఈ సిరా కాగితంలో కాపురముంటుంది. ఐరన్ మాత్రను టీతో వేసుకోవద్దని వైద్యులు చెప్పడానికి కారణం కూడ ఈ బంధమే. టీలోని వగరు ఇనుమును పట్టుకొని శరీరానికి అందనివ్వదు.

పూర్వకాలపు సిరా తయారీదారులు కషాయాన్ని గాలికి వదిలి, అది బాగా నల్లబడిన తరువాత వాడకానికి ఇచ్చేవారు. రాయగానే నల్లగా కనిపించాలన్నది వారి కోరిక. కాని బుడ్డిలోనే నల్లబడిన సిరా అంటే అప్పటికే మడ్డి కట్టిన సిరా. మడ్డిని తేల్చి ఉంచడానికి తుమ్మజిగురు కలపాలి. జిగురు కలిస్తే చిక్కదనం పెరిగి పాళీ నుంచి సాఫీగా దిగదు. లండన్‌లో హెన్రీ స్టీఫెన్స్ అనే వైద్యుడు 1830వ దశకంలో ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. సిరాను గాలి తగలనీయకుండా పలుచగా, నల్లబడని స్థితిలోనే బుడ్డికెత్తి, రాసేవారి కంటికి గీత ఆనడానికి నీలిరంగు చేర్చాడు. నేడు నీలం, రేపు నలుపు. దానికి ‘బ్లూబ్లాక్’ రాతద్రవం అన్న పేరు అతికినట్టు సరిపోయింది. వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో ఇదే స్టీఫెన్స్ ఆంగ్లకవి జాన్ కీట్స్‌తో ఒకే బసలో ఉండేవాడు. ఒకరు కవిత్వానికీ, ఒకరు సిరాకూ వెళ్లిపోగా వైద్యవృత్తి ఇద్దరినీ పోగొట్టుకొన్నది.

సిరా మంచిచెడ్డలను ఓపికతో పరీక్షించిన వారిలో ముందుగా చెప్పుకోదగినవాడు విలియం లూయిస్. ఈ ఆంగ్ల రసాయనవేత్త మాచికాయలు, అన్నభేది పాళ్లను మార్చి మార్చి సిరాలు చేసి, వాటితో రాసిన కాగితాలను ఎండలోను, గాలిలోను ఉంచి చూశాడు. 1763లో ప్రచురించిన గ్రంథంలో ఫలితాలు వెల్లడించాడు. రెండింటినీ సమపాళ్లలో కలిపిన సిరా మొదట నల్లగా ఉన్నా కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరిగింది. ఆ గీత మీద మాచికాయ కషాయం పూయగా మళ్లీ నల్లబడింది. లోపం ఎక్కడున్నదో దానితో తేలిపోయింది. ఇనుము ఎక్కువై, దానికి జోడు దొరకక తుప్పుగా మారుతోంది. మూడు పాళ్ల మాచికాయకు ఒక పాలు అన్నభేది ఉండాలని అతడు నిర్ణయించాడు. కంటికి నల్లగా ఉన్నదా అని అడగడం మాని, కాలం గడిచాక ఏమవుతుంది అని అడగడమే లూయిస్ చేసిన గొప్ప పని.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ష్లుట్టిగ్, నాయ్‌మన్ అనే ఇద్దరు 1890లో ఈ పరిశీలనకు కొలత చేర్చారు. ఒక సిరా బాగున్నదని చెప్పాలంటే దేనితో పోల్చి చెప్పాలి? ఆ ప్రశ్నకు జవాబుగా వారు ఒక ప్రమాణ సిరాను రూపొందించారు. ఒక లీటరులో టానిక్ ఆమ్లం 23.4 గ్రాములు, గాలిక్ ఆమ్లం 7.7 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేట్ 30 గ్రాములు, తుమ్మజిగురు 10 గ్రాములు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 2.5 గ్రాములు, బూజు పట్టకుండా ఫినాల్ 1 గ్రాము. పరీక్షించదలచిన సిరానూ దీనినీ ఏటవాలుగా బిగించిన కాగితం మీద పక్కపక్కన ధారలుగా జారనిచ్చేవారు. పాళీతో రాస్తే చేతి ఒత్తిడిని బట్టి గీత మారుతుంది. జారిన ధారకు ఆ పక్షపాతం లేదు. ధారలు ఆరి నల్లబడిన తరువాత కాగితాన్ని అడ్డంగా పీలికలుగా కత్తిరించి, ఒక పీలికను నీటిలోను, ఒకదానిని ఆల్కహాలులోను ముంచి, మరొకదానిని వెలుతురులో ఉంచి పోల్చేవారు. ఇరవయ్యవ శతాబ్దంలో అనేక దేశాల ప్రభుత్వ ప్రమాణాలకు ఈ వంటకమే మూలమయింది.

ఈ ప్రమాణ సిరాను ఫౌంటెన్ పెన్నులో పోయడం సాహసమే. ముప్పై గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్‌లో సుమారు ఆరు గ్రాముల ఇనుము ఉంటుంది. అంటే సిరాలో 0.6 శాతం. ముంచి రాసే కలాన్ని పని కాగానే తుడిచి పెట్టవచ్చు. పెన్నులో మాత్రం సిరా రోజుల తరబడి నిలువ ఉంటుంది. ఆ ఆమ్లానికి ఉక్కుపాళీ తినిపోతుంది. ఆరిన మడ్డికి సందులు మూసుకుపోతాయి. అందుచేత ఫౌంటెన్ పెన్నుల సిరాలో ఇనుమును బాగా తగ్గించారు. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 220 అన్న సంఖ్యతో ఈ తరహా ఫౌంటెన్ పెన్ను సిరాకు ప్రమాణం రూపొందించింది. అందులో చెప్పిన ఇనుము పాలు 0.1 శాతం, అనగా జర్మను ప్రమాణంలో ఆరవ వంతు.

భారతదేశంలో సిరా, పెన్ను రెండూ స్వదేశీ ఉద్యమంతో ముడిపడినవే. దండేకర్ కుటుంబం 1931లో బొంబాయిలో సిరాపొడి, సిరాబిళ్లలతో ప్రారంభించిన వ్యాపారమే తరువాత కామ్లిన్ అయింది. గాంధీజీ స్వదేశీ సిరా కావాలని కోరగా రసాయనవేత్త సతీశ్‌చంద్ర దాస్‌గుప్తా ఆ ప్రయత్నానికి పూనుకొన్నాడు. ఆ ఒరవడిలో మైత్రా సోదరులు 1934లో రాజ్‌షాహీలో సులేఖా సిరాను స్థాపించారు. ఆ ఊరు నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. ఇటు గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం చేతితో మలచిన పెన్నులను గాంధీజీ వాడి, 1935లో ఆయనకు అభినందన లేఖ రాశారు. బాల్‌పెన్ను వచ్చి సిరాబుడ్డిని బల్లపై నుంచి తొలగించిన తరువాత ఈ పరిశ్రమ బాగా కుంచించుకుపోయింది. 1980వ దశకం చివర మూతపడిన సులేఖా తిరిగి తెరుచుకొని, 2020 నుంచి ఫౌంటెన్ పెన్ను సిరాలను మళ్లీ అందిస్తోంది.

ఇప్పుడు అంగడిలో దొరికే ‘బ్లూబ్లాక్’ బుడ్డి ఏ కోవకు చెందినదో తెలుసుకోవాలంటే పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. జర్మనీకి చెందిన పెలికాన్ 4001, జపానుకు చెందిన ప్లాటినం సంస్థల బ్లూబ్లాక్ సిరాలు ఇనుము కలిసినవిగా ప్రసిద్ధి. అదే పేరు పెట్టుకొన్న పార్కర్ క్వింక్ రంగులతో చేసిన సిరా. తెలియని బుడ్డిని పరీక్షించేవారు దాని పక్కన మామూలు నీలిసిరాను కూడ ఉంచుకోవాలి. పోలికకు మరొకటి లేని పరీక్షలో కన్ను తాను చూడదలచినదానినే చూస్తుంది.

మొదట బుడ్డిని కదపకుండా వెలుతురుకు ఎత్తి అడుగు చూడాలి. మడ్డి పేరుకొని ఉంటే అది ఇనుపసిరాయే కావచ్చు గాని గాలి సోకి చెడిపోయిన సిరా. అది పెన్నులో పోయడానికి తగదు. అడుగు తేటగా ఉంటే ముంచి రాసే కలంతో గాని, గాజుకడ్డీతో గాని ఒకే రకం కాగితం మీద రెండు సిరాలతో గీతలు గీయాలి. ఇతర సిరా అంటిన పెన్నును ఈ పనికి వాడితే ఫలితం చెడుతుంది. క్షారగుణం గల సిరా ఇనుపసిరాతో కలిస్తే గడ్డకట్టే ప్రమాదం కూడ ఉన్నది. ప్రతి గీత పక్కన తేదీ, గంట పెన్సిలుతో రాసి పెట్టుకోవాలి. సిరాతోనే రాసిన తేదీ నీళ్ల పరీక్షలో మొదట మాయమవుతుంది.

మరునాడు అదే సిరాతో పాత గీత పక్కన కొత్త గీత గీసి చూడాలి. నిన్నటి గీత నేటి గీతకంటె నల్లగా ఉంటే ఇనుము ఉన్నదనడానికి అది బలమైన సూచన. రంగుసిరా ఆరినప్పుడు కొంచెం పాలిపోతుందే గాని చిక్కబడదు. అటుపిమ్మట రెండు సిరాల పాత గీతల మీద ఒక్కొక్క నీటిచుక్క వేసి, పది నిమిషాలు ఆగి, అద్దుడు కాగితంతో ఒత్తి తీయాలి. మామూలు నీలిసిరా చెదిరి మరకగా మిగులుతుంది. ఇనుపసిరా నుంచి కూడ నీలం ఊడివస్తుంది. ఇక్కడనే తొందరపడే విద్యార్థి ఓడిపోయినట్టు భావించి కాగితాన్ని పారవేస్తాడు. ఆరనిచ్చి చూస్తే నీలిమరక నడుమ బూడిదనలుపు గీత స్పష్టంగా చదవవచ్చు. కొట్టుకుపోయినది స్టీఫెన్స్ చేర్చిన తాత్కాలిక వేషం మాత్రమే.

అనుమానం మిగిలితే వడపోత కాగితపు పీలిక అడుగుకు కొంచెం పైన సిరాతో అడ్డగీత గీసి, ఆరి నల్లబడిన తరువాత గీత మునగకుండా కొసను నీటిలో నిలపాలి. నీరు పైకి పాకుతూ రంగులను విడదీసి తీసుకుపోతుంది. గీసినచోటనే నల్లని చార నిలిచిపోతే అది ఇనుము చలవే. నిమ్మరసం చుక్క ఆ చారను వెలవెలబోయేలా చేస్తుంది; ఆమ్లం ఇనుమును వగరు పట్టునుంచి లాగివేస్తుంది. బట్టల చలువకు వాడే క్లోరిన్ ద్రావణం తగిలిస్తే నీలమూ నలుపూ రెండూ పోయి, పసుపుగోధుమ రంగు జాడ మాత్రం మిగులుతుంది. పత్రాలను దిద్దే మోసగాళ్లను శతాబ్దాలుగా పట్టి ఇచ్చినది ఆ జాడయే. అక్షరం పోయినా ఇనుము పీచులను వదలదు.

ఎండపరీక్షకు ఓర్పు కావాలి. గీతలు గీసిన కాగితంలో సగాన్ని దళసరి నల్ల అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి నెల రోజులు అంటించి ఉంచాలి. అట్ట తీసినప్పుడు రెండు సగాల మధ్య ఎంత తేడా కనబడితే సిరాకు అంత బలహీనత ఉన్నట్టు. ఇవన్నీ నెగ్గిన సిరా రాయడానికి హాయిగా ఉండకపోవచ్చునన్నది వేరే సంగతి. గీత అంచులు పీచుపీచుగా పాకడం, కాగితం వెనుకకు దిగడం, ఆరడానికి పట్టే కాలం అన్నవి సిరాతోపాటు కాగితాన్ని బట్టి కూడ మారుతాయి. ఇనుపసిరాలు సాధారణంగా నాసిరకం కాగితం మీద సైతం సన్నని, శుభ్రమైన గీతనిస్తాయి. అయితే వాటిని పెన్నులో వారాల తరబడి వాడకుండా ఎండనివ్వరాదు. తరచుగా చన్నీటితో కడగాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో పెండ్లి పుస్తకాలను చేతితో, ఇటువంటి సిరాతో రాసే పద్ధతి 2021 మే నెలలో ముగిసి, వివరాలను కంప్యూటరులో నమోదుచేసే ఏర్పాటు వచ్చింది. ఆ వెనుకటి పుస్తకాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటినీ, అంతకంటె పాత ప్రతులనూ కాపాడేవారికి ఈ సిరా మరొక ముఖం చూపింది. అక్షరాన్ని నిలిపే గుణమే కాగితాన్ని తినే గుణం కూడ అయింది. మిగులు ఆమ్లం కాగితపు పీచులను పెళుసుబారుస్తుంది; జోడు దొరకని ఇనుము ఆ క్షయాన్ని వేగిరపరుస్తుంది. సంగీతకర్త బాఖ్ స్వహస్తంతో రాసిన ప్రతులు బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలో స్వరచిహ్నాలు దట్టంగా ఉన్నచోట కాగితం చిల్లులు పడగా, ఒక్కొక్క పుటను రెండు పొరలుగా చీల్చి నడుమ బలమైన కాగితం చేర్చి అతికించవలసి వచ్చింది. 19వ శతాబ్దంలో కొందరు పరిశోధకులు వెలిసిన రాతను చదవడానికి లూయిస్ వలెనే మాచికాయ కషాయం పూశారు. లూయిస్ పూసినది తన ప్రయోగపు కాగితానికి. వారు పూసినది అపురూపమైన ప్రతులకు. ఆనాటికి అక్షరాలు కనిపించాయి గాని, కొన్నాళ్లకు పుట అంతా గోధుమరంగు మరకగా మారింది.

ఇప్పటి సంరక్షకులు అలాంటి సాహసం చేయరు. బాథోఫెనాంత్రోలిన్ అనే రసాయనం పట్టించిన తెల్లని కాగితపు పీలికను తడిపి, అక్షరం మీద ఒక్క క్షణం ఒత్తి తీస్తారు. ప్రమాదకరమైన ఫెర్రస్ ఇనుము మిగిలి ఉంటే పీలిక ముదురు గులాబీరంగుకు తిరుగుతుంది. ప్లినీ పపైరస్ ముక్క వెతికినదీ ఇదే ఇనుమును. పీలిక రంగు మారిన ప్రతిని, తడిని తట్టుకోగలదని నిర్ధారించుకొన్న తరువాత కాల్షియం ఫైటేట్ ద్రావణంలో స్నానం చేయిస్తారు. ఫైటేట్ అన్నది ధాన్యపు తవుడులో ఉండే పదార్థమే. అది విడిగా తిరిగే ఇనుమును పట్టి బంధిస్తుంది. వెంట వేసే క్షారస్నానం మిగిలిన ఆమ్లాన్ని చల్లారుస్తుంది. ఆ పని ముగిశాక పుటను అద్దుడు కాగితాల నడుమ ఆరబెట్టి, మళ్లీ ఒక పీలికను తడిపి అదే అక్షరం మీద ఒత్తి, రంగు తేలుతున్నదేమోనని చూస్తారు.